కాటా మీద ఇద్దరు

వడ్ల మూటలు తూచే కాటా మీద మనిషి నిలబడితే అంకె వెంటనే నిలవదు. మూట కదలదు. మనిషి ఊపిరి తీస్తాడు, గుటక వేస్తాడు, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటాడు. అంకె వాడితోపాటు కాసేపు ఊగి, విసుగొచ్చినట్టు ఒకచోట ఆగుతుంది. బళ్లారి పక్కన ఎమ్మిగనూరు దారిలో మాధవ ధణి రైస్ మిల్లులో కాటా దగ్గర కూర్చోవడం నా ఉద్యోగం. ఏళ్ల తరబడి కూర్చున్నా ఆ వేసవి వరకు ఈ సంగతి గమనించే అవసరం నాకు రాలేదు.

మా తమ్ముడు నాగరాజ్ మొదటిసారి కాటా ఎక్కింది శివరాత్రి దాటాక వచ్చిన ఆదివారం. చెప్పులు విప్పాడు. ఫోను, బండి తాళం నా బల్ల మీద పెట్టాడు. కాసేపు ఆలోచించి బెల్టు కూడా తీశాడు. మూటల నీడలో కూర్చున్న హమాలీలు లేచొచ్చి చుట్టూ మూగారు.

"ఏమప్పా నాగా, ఏ రకం నువ్వు? సోనానా, లావు వడ్లా?" అన్నాడు హమాలీల పెద్ద దురుగప్ప.

"ముందు తేమ చూడండప్పా. పచ్చిగుండాడేమో," అన్నాడు ఇంకొకడు.

"తరుగు తియ్యి సవితక్కా. గోనెసంచి బరువు తీసేస్తే వీనికాడ మిగిలేదేముండాది?"

నాగరాజ్ నవ్వలేదు. అంకె ఆగేదాకా ఊపిరి బిగపట్టి, "ఎంతక్కా?" అన్నాడు.

"అరవై నాలుగు."

"మే నెలకు యాభై ఐదు కావల్ల," అన్నాడు, నాతో కాదు, కాటాతో.

ఎందుకో అక్కడున్న అందరికీ తెలుసు. మే నెలలో బళ్లారి అవతల, ఇంకా తెరవని బైపాస్ రోడ్డు ముక్క మీద బైకుల డ్రాగ్ పందేలు. ఇద్దరు పక్కపక్కన నిలబడతారు. దీపం పచ్చబడగానే క్లచ్ వదులుతారు. నాలుగు వందల మీటర్ల అవతల గీత ముందు దాటినవాడు గెలిచినట్టు. మలుపు లేదు, ఎదురు బండి లేదు. చెంబెడు నీళ్లు తాగేలోపు అంతా అయిపోతుంది.

నాగరాజ్ బండి గుజరీ అంగట్లో తుక్కు కింద దొరికిన పాత టూ స్ట్రోకు. వాడు కుడతిని థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టరు కింద బూడిద గొట్టాల ఫిట్టరు. షిఫ్టు దిగి వచ్చి ఆ ఇంజిన్ విప్పుతాడు, బిగిస్తాడు, శబ్దం విని మళ్లీ విప్పుతాడు. బెంగళూరులో పందెం బళ్లు తయారుచేసే పద్మనాభ అనే ఆయన కిందటేడు ఆ శబ్దం విని ఆగి, "మే ఫైనల్ గెలువప్పా, నా వర్క్‌షాపులో ఒక బెంచీ నీది," అన్నాడట. ఆ బెంచీ తప్ప ఆ వేసవిలో మా వాడి కళ్లకు ఇంకేమీ ఆనలేదు. గెలిస్తే బూడిదలోంచి బయటపడతాడు. లేకపోతే లేదు.

ఫైనల్ దాకా వెళితే పక్క గీత మీద ఎవరుంటారో కూడా తెలుసు. చక్రధర్. మా మిల్లు యజమాని మాధవ ధణి చిన్న కొడుకు. అతని బండికి సిలిండరు కోయంబత్తూరు నుంచి వచ్చింది, టైర్లు ఓడ దిగి వచ్చాయి.

"వాళ్లు ఇనుము తీసి అల్యూమినియం వేస్తారక్కా. అల్యూమినియం తీసి కార్బన్ వేస్తారు," అన్నాడు నాగరాజ్ ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ. "బండి కిలో తగ్గల్లంటే వాళ్లకు పదివేలు. నేను కిలో తగ్గల్లంటే నాలుగు పూటలు. బండికేం తెలుసు, తగ్గింది ఇనుమో మాంసమో?"

*

అమ్మకు నిజం చెప్పే పని లేదు. కొడుకు తిండి మానేది బండి మీద బరువు తగ్గడానికని తెలిస్తే బండినే కాలవలో తోయిస్తుంది. అందుకని నాగరాజ్ ఒక తెలివైన పని చేశాననుకున్నాడు.

"హులిగెమ్మకు మొక్కుకున్నా అమా. పందెం అయ్యేదాకా ఒక్కపొద్దు."

మొక్కు అన్నాక మా ఇంట్లో ప్రశ్నలుండవు. అమ్మ నిజంగానే ఏమీ అడగలేదు. మరునాడు రాత్రి మాత్రం తన కంచం కడిగి గోడకు ఆనించి పెట్టేసి, నా ఒక్కదానికే వడ్డించింది.

"నువ్వేందిమా తినవా?" అన్నాడు నాగరాజ్.

"బిడ్డ ఒక్కపొద్దుంటే తల్లి రెండు పూటలా మెక్కుతాదా? అమ్మవారు నవ్వదా నన్ను చూసి?"

"నీకు బీపీ మాత్రలుండాయి. నీకొద్దుమా ఇది. మొక్కింది నేను."

"సుమ్నిరప్పా, ఊరికుండు. మొక్కు ఒకని నోట్లోంచి వచ్చినా ఇంటికంతా తగులుతాది."

వాడు నావైపు చూశాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది. అబద్ధం ఆడినవాడి భయం కాదు అది. తను ఊరికే అన్న మాటను ఎదుటి మనిషి తీసుకుని నిజం చేసేస్తుంటే కలిగే నిస్సహాయత. ఆ రోజు నుంచి ఇంట్లో రాత్రి తినేది నేనొక్కదాన్నే. ఇద్దరు పస్తున్నవాళ్ల మధ్య కూర్చుని తింటుంటే నా దవడల చప్పుడు నాకే వినిపించేది. నాగరాజ్ కళ్లు కంచంలోంచి నా చేయి లేచేదాకా చూసి, నోటిదాకా రాకముందే పక్కకు తిరిగేవి. తర్వాత లేచి పంచలోకి పోయేవాడు. కొద్దిసేపటికి సిలిండరు లోపలి గోడల మీద ఆకురాయి రాపిడి మొదలయ్యేది, ఎవరో పళ్లు కొరుక్కుంటున్నట్టు.

ప్రతి ఆదివారం కాటా ఎక్కేవాడు. అరవై రెండు. అరవై. ఆకలి మనిషిని ఎలా మారుస్తుందో దగ్గర నుంచి చూశాను. మొదటి పదిరోజులు చిరాకు. తర్వాత ఒక రకమైన మౌనం. ఆ తర్వాత వచ్చింది గర్వం, అదే నన్ను భయపెట్టింది. అంకె తగ్గే కొద్దీ వాడి మొహంలో, ఏదో కూడబెడుతున్నవాడి తృప్తి కనిపించేది. జీతంలో మిగలనిది, పొలంగానో స్థలంగానో లేనిది, వాడు ఆకలిలో పోగు చేసుకుంటున్నాడు. దాన్ని ఎవరూ ఎత్తుకుపోలేరని అనుకుంటున్నాడు.

"చక్రధర్ బండి విప్పి చూసినాడంటావా ఎప్పుడన్నా?" అనేవాడు ఆకురాయి ఆపకుండా. "వాని గోళ్లలో నూనె చూసినావా నువ్వు? తాళం తిప్పుతాడు, కూచుంటాడు, అంతే. కష్టం మనదక్కా, డబ్బు వాళ్లది. ఏది ముందు గీత దాటుతాదో మేలో తెలుస్తాది."

"మరి నువ్వు వదిలేది నేర్చుకోవద్దా? దీపం పడినప్పుడు?"

"ఒక్కో స్టార్టు కొడితే క్లచ్ ప్లేట్లు అంతంత అరుగుతాయి. ఒకటే సెట్టుండాది. పందేనికి దాచుకున్నా."

వాడు చేసిన పంపకం నాకూ నచ్చింది. వాళ్లకు డబ్బు, మాకు కష్టం. ఎవరిది వారికి. పేదవాళ్ల ఇళ్లలో ఇంత సౌకర్యంగా ఉండే నమ్మకం ఇంకొకటి లేదు.

*

ఏప్రిల్‌లో కాలవ కింది రెండో పంట కోతకొచ్చింది. మిల్లు బయట ట్రాక్టర్లు వరసగా నిలిచాయి. మధ్యాహ్నం హమాలీలు సద్ది తినడానికి వేపచెట్ల కిందికి పోయాక కాటా దగ్గర నేనొక్కదాన్నే మిగిలే సమయం ఒకటుంటుంది. అలాంటి సమయంలో వచ్చాడు చక్రధర్.

"సవితక్కా, కాటా ఖాళీనా?"

మూటలు ఎదురు తూచి చూసుకోవడానికి వచ్చాడనుకున్నాను. అతను బూట్లు విప్పాడు. గడియారం, మెడలో గొలుసు తీసి నా బల్ల మీద పెట్టాడు. బెల్టు తీస్తున్నప్పుడు చూశాను, దానికి కొత్తగా మేకుతో పొడిచిన చిల్లులు రెండున్నాయి. కాటా ఎక్కి, అంకె ఆగేదాకా ఊపిరి బిగపట్టాడు.

"యాభై ఎనిమిది," అన్నాను.

"నిన్న ఇంట్లో గూడా ఇంతే చూపించె. ఆ మిషన్ చెడిపోయిందేమో అనుకుంటి." దిగబోయి తూలాడు. నా బల్ల అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఎడమచేతి అరచెయ్యి బల్ల మీద వెల్లకిలా పడింది. వేళ్ల మొదట్లో బొబ్బలు చితికి, వాటి మీదే మళ్లీ బొబ్బలు లేచి ఉన్నాయి.

"నీళ్లు తాగుతావా? ఏమయింది చెయ్యి?"

"క్లచ్చు. పొద్దున్నే కాలవ గట్టు మీద స్టార్టులు కొడతాండా. ఎవరూ లేవకముందు." నీళ్లు పుక్కిలించి ఉమ్మేశాడు, మింగలేదు. "ఎవరికీ చెప్పొద్దక్కా."

"పస్తుండేదానికి సిగ్గేముందప్పా?"

"మా ఇంట్లో పస్తుంటే మా అమ్మ డాక్టరుకు ఫోన్ చేస్తాది. మా నాయన నవ్వుతాడు." గొలుసు మెడలో వేసుకుంటూ తనూ నవ్వాడు. "నేను గెలిస్తే డబ్బు గెలిచిందంటారు. ఓడిపోతే అంత డబ్బుండీ ఓడినాడంటారు. నేనేం చేసినా అందులో నేనుండనక్కా. నీ తమ్ముడు అదృష్టవంతుడు. గెలిస్తే వాడే గెలిచినట్టు."

వాడిని అదృష్టవంతుడని ఆ మిల్లులో ఎవరైనా అనగా వినడం అదే మొదలు. కోపం రావాలి. రాలేదు.

"ఎంతుండాడు నాగరాజ్?" అన్నాడు బూటు లేసు కట్టుకుంటూ, మామూలుగా.

"కాటా దగ్గర కూచున్నోళ్లం. ఒకరి తూకం ఇంకొకరికి చెప్పం."

అది మా పనిలో మొదటి నియమం. ఒక రైతు వడ్లు ఎంత తూగాయో పక్క రైతుకు చెప్పకూడదు. చెబితే ఆ సాయంత్రానికి గొడవే. చక్రధర్ తలెత్తి చూశాడు. "అందుకే గదా నీ దగ్గరికొచ్చింది," అన్నాడు.

తర్వాత ఇద్దరూ వచ్చేవాళ్లు. ఆదివారాలు నాగరాజ్, వారం నడుమ చక్రధర్. ఒకే ఇనుప పలక మీద, ఒకేలా ఊపిరి బిగపట్టి. ఒకరు దిగిన అంకె దగ్గరికి మూడు రోజుల తర్వాత ఇంకొకరు దిగేవారు. రాత్రి నేను కంచం ముందు కూర్చున్నప్పుడు ఇప్పుడు పస్తున్నది ఇద్దరు కాదు, ముగ్గురు. మూడోవాడు ఎక్కడో పెద్ద ఇంట్లో, నిండుగా వడ్డించిన కంచం ముందు కూర్చుని ఆకలి లేదని అబద్ధం చెబుతున్నాడు.

నాగరాజ్‌కు చెబుదామా అని చాలాసార్లు అనుకున్నాను. చెబితే ఇంకో రెండు కిలోలు దిగుతాడు. వాడి కళ్లు అప్పటికే లోపలికి పోయాయి. చెప్పకపోవడానికి నియమం ఒక సాకుగా దొరికింది. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఇప్పుడు కూడా నెమ్మదిగా మాత్రమే రాయగలను: కష్టం మా ఒక్కరి ఆస్తి కాదని వాడికి చెప్పడమంటే, వాడు ఆ రెండు నెలలుగా పోగు చేసుకున్నదాన్ని వాడి చేతుల్లోంచి లాక్కోవడమే.

*

పందెం రోజు పొద్దున ఎనిమిదికే రోడ్డు కాలుతోంది. రెండు వైపులా జనం. చెరకురసం బళ్లు, గొడుగులు, పోలీసు జీపు. అమ్మ కూడా వచ్చింది. పసుపు కుంకుమ పొట్లం విప్పి బండి ట్యాంకుకు బొట్టు పెట్టి, నాగరాజ్ చెంపలు రెండు చేతులతో పట్టుకుని, "ఎంత ఎండిపోతివిరా. అమ్మవారు చూస్తాంది, కళ్లుండాయి ఆమెకు," అంది. వాడు తల దించుకున్నాడు.

మొదటి మూడు పందేల్లో నాగరాజ్ పక్కన నిలిచినవాళ్లు చివరికి వాడి వెనక చక్రమే చూశారు. ప్రతిసారీ వదలడంలో కొద్దిగా వెనకబడటం, సగం దారిలో ఇంజిన్ గొంతు మారడం, పక్కవాడిని మింగేయడం. పద్మనాభ వచ్చి బండి పక్కన గొంతుక్కూర్చుని ప్లగ్గు విప్పించి దాని రంగు చూశాడు. నాగరాజ్ భుజం తట్టాడు. దురుగప్ప మిల్లు హమాలీలందరినీ వెంటేసుకొచ్చాడు. ధణి కొడుకు మీద కేకలేసే ధైర్యం లేక, మావాడికి గట్టిగా ఈలలు వేస్తున్నారు.

ఫైనల్. గీత మీద ఇద్దరు. హెల్మెట్లు పెట్టుకున్నాక వాళ్లిద్దరినీ బట్టలను బట్టి మాత్రమే గుర్తుపట్టగలిగాను. చొక్కాల కింద భుజాల ఎముకలు ఒకేలా పొడుచుకొచ్చి ఉన్నాయి. వెనక, ఏసీ వేసిన కారులో అద్దాలు ఎత్తి కూర్చున్నాడు మాధవ ధణి.

పసుపు దీపాలు. పచ్చ.

చక్రధర్ బండి గీత మీద లేదు. ఎప్పుడు వెళ్లిందో నేను చూడలేదు, ఎవరూ చూడలేదు. నాగరాజ్ వెనక చక్రం ఒక్క క్షణం ఉన్నచోటే జారింది, పొగ లేచింది, తర్వాత పట్టింది. అక్కడి నుంచి ప్రతి గజానికీ ఆ ఎడం తరుగుతూనే వచ్చింది. జనం లేచి నిలబడ్డారు. ఇంజిన్ గొంతు ఎప్పుడూ వినని చోటికి ఎక్కింది. ఇంకొంచెం రోడ్డుంటే. కానీ రోడ్డు కూడా కొలిచే వేస్తారు. చక్రధర్ ముందు చక్రం గీత దాటినప్పుడు మావాడి ముందు చక్రం అతని కాలి పక్కనుంది.

నాగరాజ్ బండి నెట్టుకుంటూ తిరిగి వచ్చాడు. మేము ఎదురెళ్లాం. హెల్మెట్ తీశాక వాడి మొహం ఖాళీగా ఉంది. ఏమి అనుకోవాలో వాడికి ఇంకా తెలియలేదు. దెబ్బ ఎక్కడ తగిలిందో వెతుక్కుంటున్నవాడిలా మా మొహాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు. అప్పుడు దురుగప్ప వాడి మెడ చుట్టూ చెయ్యి వేసి అన్నాడు:

"పోనీలేప్పా. నువ్వు ఓడలే. డబ్బు గెలిచింది."

ఆ మాట వాడి చెవిలో పడటం, లోపలికి దిగడం, అక్కడొక చోటు చూసుకుని కూర్చోవడం నేను చూశాను. వాడి భుజాలు కిందికి దిగాయి.

"హౌదు," అన్నాడు. "డబ్బు గెలిచింది."

అటువైపు చక్రధర్‌ను స్నేహితులు ఎత్తుకుని కారు దగ్గర దించారు. కారు అద్దం దిగింది. ధణి లోపలినుంచే చెయ్యి చాపి కొడుకు వీపు తట్టి, పక్కనున్నవాళ్లతో, "పెట్టినదానికి సరిపోయిందిలే," అన్నాడు. అందరూ నవ్వారు. చక్రధర్ నవ్వబోయి జనంలో ఎవరికోసమో వెతికాడు. అతని కళ్లు నా మీద ఆగాయి. తల ఊపాలనుకున్నాను. నా పక్కన నాగరాజ్ ఉన్నాడు.

పద్మనాభ పోతూ పోతూ మా దగ్గర ఆగాడు. "ఇంజిన్ నీదే మేలప్పా. స్టార్టులో పోయింది, అది నేర్చుకోవచ్చు. జూన్‌లో బెంగళూరు రా, ఓడినా సరే. ఫోన్ చేస్తా."

నాగరాజ్ తలూపాడు. విన్నాడని నేననుకోను.

*

మొక్కు ముగిసింది. అమ్మ ఆ రాత్రి రెండు కంచాలు మళ్లీ కిందికి దించింది, కానీ పాయసం చేయలేదు, హులిగి గుడికి పోదామనలేదు. మంగళవారం దీపం ముట్టించకుండా పడుకుంది. ఎందుకని అడిగితే, "ఆమెకు గూడా ఉండేటోళ్లే కావల్లనేమో," అంది. "కారు చూసింది, అటు పోయింది." నాగరాజ్ గోడవైపు తిరిగి విన్నాడు. మొక్కే లేదని చెప్పడానికి వాడికి నోరు రాలేదు. లేని మొక్కు తీర్చలేదని అమ్మవారి మీద మా అమ్మ అలిగింది, ఆ అలక ఇప్పటికీ ఉంది.

దురుగప్ప అన్న ఆ మాట మా ఇంట్లో కాపురం పెట్టింది. పక్కింటి దేవక్క మనవరాలికి కాలేజీ సీటు రాకపోతే, డబ్బు గెలిచింది. ప్లాంటులో వేరొకరిని పర్మనెంటు చేస్తే, డబ్బు గెలిచింది. టీవీలో క్రికెట్ చూస్తూ కూడా అదే. ప్రతిసారీ అది నిజమే కావచ్చు. కానీ దాన్ని అన్నాక వాడు ఇంకేమీ చేయనక్కర్లేదు, అదే ఆ మాటలోని సుఖం. బండి మీద ప్లాస్టిక్ పట్ట కప్పేశాడు. రుచి చూడకుండా తిని, పోయిన బరువంతా నెలలో తిరిగి తెచ్చుకున్నాడు. షిఫ్టుకు పోతాడు, బూడిద కొట్టుకుపోయిన కనురెప్పలతో వస్తాడు, పడుకుంటాడు.

మిల్లులో చక్రధర్ మళ్లీ కాటా ఎక్కలేదు. ఒకసారి లారీ చీటీల కోసం వచ్చి నా బల్ల దగ్గర ఆగాడు.

"నీ తమ్ముడు ఏమన్నాడక్కా?"

"డబ్బు గెలిచిందన్నాడు."

"మా నాయనా అదే అన్నాడు." చీటీలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అరచేతిలో బొబ్బలు రాలిపోయి లేత చర్మం వచ్చింది. "నీకు తెలుసు గదా. సాలు." బండి హోస్పేటలో ఎవరికో అమ్మేశానని చెప్పి వెళ్లిపోయాడు.

ఒక మనిషి చేసిన కష్టానికి నేనొక్కదాన్నే సాక్షిని కావడం నాకు బరువుగా ఉండేది. ఆ కష్టానికి కూడా డబ్బే దారి వేసిందని నాకు తెలియక కాదు. ప్లేట్లు అరిగితే కొత్తవి కొనగలవాడే యాభైసార్లు స్టార్టు కొట్టగలడు. కష్టపడే హక్కు కూడా కొనుక్కోవలసిందే అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అది చెప్పుకున్నంతసేపూ, బల్ల అంచు పట్టుకుని కళ్లు మూసుకున్న ఆ మనిషి కళ్ల ముందునుంచి కదిలేవాడు కాదు.

*

జూన్ మూడో వారంలో వానలు పడ్డాయి. సాయంత్రం పంచలో కూర్చున్నాం. నాగరాజ్ ఫోను మోగింది. పద్మనాభ. అంతకుముందు రెండుసార్లు చేశాడు. నాగరాజ్ అది మోగి మోగి ఆగేదాకా చూశాడు.

"తియ్యరాదా?"

"తీసి ఏం చెప్పల్ల?"

"వస్తానని చెప్పు. ఓడినా రమ్మని పిలుస్తాండాడు గదా మనిషి."

"యాడ పోయినా ఇదే గదక్కా. నేను ఆకురాయి పట్టుకోవల్ల, ఎవడో వచ్చి పర్సు తియ్యల్ల. వాడే గెలుస్తాడు. చూసినాం గదా." వాడు ఆవులించాడు. ఆ ఆవులింతలో బాధ లేదు. నన్ను తొందరపెట్టింది అదే.

"వాడు గూడా పస్తుండె," అన్నాను.

"ఎవడు?"

"చక్రధర్. ఏప్రిల్ అంతా. నువ్వెక్కిన కాటానే ఎక్కుతుండె."

నాగరాజ్ నవ్వాడు. "ధణి కొడుకుది పస్తనరు. డైటింగంటారు."

"ఏమన్నా అను. కళ్లు తిరిగి నా బల్ల పట్టుకున్నాడు. గుక్కెడు నీళ్లు గూడా మింగలే. కాలవ గట్టు మీద పొద్దున్నే స్టార్టులు కొడుతుండె. చెయ్యంతా పుండు."

"వానికి ప్లేట్లుండాయి. అరిగితే ఇంకో సెట్టు, అది అరిగితే ఇంకోటి. నాకు..."

"హౌదు. దానికి డబ్బు కావల్ల. నేను కాదనలే. పస్తుకేం కావల్ల నాగా?"

వాన చూరు మీంచి ధారగా పడుతోంది. వాడు ఫోను నేల మీద బోర్లా పెట్టాడు. చెప్పకుండా ఉండాల్సిందేమో అనిపించింది. లేచి లోపలికి పోబోయాను.

"ఎంత?" అన్నాడు.

"ఏంది?"

"ఎంతుండె వాడు? పందెం వారం."

ఒకరి తూకం ఇంకొకరికి చెప్పకూడదు. ఆ నియమం నేను అంతకుముందు ఎప్పుడూ తప్పలేదు.

"యాభై నాలుగు," అన్నాను.

ఆ వారం నాగరాజ్ యాభై ఐదున్నర. వాడి పెదవులు కదిలాయి. తీసివేత ఎంత చిన్నదైనా వాడు నోట్లో చేసుకుంటాడు, చిన్నప్పటి నుంచి అంతే. కోపం వస్తుందనుకున్నాను, అబద్ధమంటాడనుకున్నాను. వాడు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఎవరో వచ్చి పక్కన కూర్చున్నట్టు, కొంచెం జరిగి కూర్చున్నాడు.

లోపల్నుంచి అమ్మ కేకేసింది. "ఏందిరా మీ అక్కాతమ్ముళ్ల గుసగుస? చీకట్లో?"

"ఏం లేదుమా." నాగరాజ్ లోపలికి తిరిగి చెప్పాడు. "పందెం చక్రధర్ గెలిచినాడంట."

"ఆ సంగతి ఊరందరికీ తెలుసు గదరా," అంది అమ్మ.